చిన్నపిల్లలతో జూన్ తొలివారాల్లో ఎల్లోస్టోన్: ఒక సమీక్ష

అమెరికాలో బడులకు వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే తెలుగు కుటుంబాల్లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ పేరు ఎత్తగానే పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు, పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు కదా, నాలుగేళ్ళు ఆగి వెళ్తే వాళ్ళకీ గుర్తుంటుంది, మీకూ సుఖంగా ఉంటుంది అని సలహా ఇస్తారు. మంచి మనసుతో ఇచ్చే సలహాయే అయినా నేను దానితో ఏకీభవించలేను. ఒక్క నిమిషం కుదురుగా నిలబడని ఐదేళ్ళ బాబునీ, వాడు ఎటు పరుగెడితే అటే పరుగెత్తే మూడేళ్ళ పాపనీ వెంటబెట్టుకుని జూన్ తొలివారాల్లో ఆ పార్కు చూసి వచ్చిన తల్లిగా చెబుతున్నాను, ఆ వయసు పిల్లలకు అంత తృప్తినిచ్చే చోటు మరొకటి నాకు ఇంతవరకు కనిపించలేదు. అయితే ఒక షరతు ఉంది. చూడవలసిన ప్రదేశాల జాబితా ముందు పెట్టుకుని ప్రయాణం వేసుకుంటే ఈ పార్కు పిల్లలనూ పెద్దలనూ కూడా అలసటపెడుతుంది. పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోవలసిన చోట్లు ఏవి, ధైర్యంగా వదలగలిగిన చోట్లు ఏవి అని ముందే లెక్క వేసుకుని, ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా రోజును అమర్చుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది.

ముందుగా దూరాల సంగతి చూద్దాం. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ సంతకంతో ఏర్పడిన ఈ జాతీయ ఉద్యానవనం విస్తీర్ణం సుమారు 22 లక్షల ఎకరాలు. చాలా భాగం వయోమింగ్ రాష్ట్రంలోనూ, అంచులు మొంటానా, ఐడహో రాష్ట్రాల్లోనూ ఉంటాయి. లోపల ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే గ్రాండ్ లూప్ రోడ్డు పొడవు 142 మైళ్ళు. పటంలో చూస్తే ఒక్క రోజులో చుట్టి రావచ్చనిపిస్తుంది గానీ, రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 45 మైళ్ళు, పైగా బైసన్ల (అమెరికా అడవిదున్నల) మంద రోడ్డెక్కిందంటే అది దిగేదాకా ఆగవలసిందే. పశ్చిమ ద్వారం నుంచి మాడిసన్ కూడలికి 14 మైళ్ళు, అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు మరో 16 మైళ్ళు. కాగితం మీద ముప్పావుగంట ప్రయాణం కనిపించే ఈ దారికి, పిల్లల అవసరాలకు ఆగడం, జంతువులు కనబడితే ఆగడం కలుపుకుని రెండు గంటలు కేటాయించడం మంచిది. ఈ పార్కులో సందర్శకులను తిప్పే షటిల్ బస్సులు లేవు, కాబట్టి సొంత కారో అద్దె కారో తప్పదు, పిల్లల సీట్లూ తప్పవు. ఇన్ని తెలిశాక మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక రోజుకు ఒక ప్రాంతం. ఎనిమిది అంకెలో కింది సున్నా మొత్తం ఒకే రోజు తిరిగేద్దామని ఎవరైనా అంటే వారి వెంట పసిపిల్లలు లేరని అర్థం.

ఇక కాలం విషయానికి వస్తే, జూన్ తొలి రెండు మూడు వారాలు పిల్లలకు నిజంగా అనువైనవని నా అభిప్రాయం. పశ్చిమ ద్వారం సాధారణంగా ఏప్రిల్ మూడో శుక్రవారానికీ, దక్షిణ ద్వారం మే రెండో శుక్రవారానికీ తెరుచుకుంటాయి, మే చివరికల్లా ఎత్తయిన కనుమ రోడ్లు కూడా మంచు తొలగించుకుని వాహనాలకు సిద్ధమవుతాయి. జూలై రద్దీ ఇంకా మొదలై ఉండదు. దోమలు విజృంభించేది కూడా జూన్ చివరి నుంచే. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన బైసన్ దూడలు ఇటుక రంగులో తల్లుల వెంట గెంతుతుంటాయి. చెట్ల నీడల్లో, రోడ్డు పక్క గుంటల్లో పాత మంచు కుప్పలు మిగిలి ఉంటాయి గనుక టీ షర్టు మీద తిరిగే మధ్యాహ్నం పూట కూడా పిల్లలు మంచు ముద్దలు చేసి విసురుకోవచ్చు.

ఇదే కాలానికి కొన్ని లోట్లు కూడా ఉన్నాయి. పార్కులో చాలా భాగం సముద్రమట్టానికి ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున ఉండటంతో రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దగ్గరగా పడిపోతుంది, జూన్‌లో మంచు కురవడం కూడా వింత కాదు. ఫైర్‌హోల్ నదిలో ఈతకు అనుమతించే చోటు, మంచు కరిగి నది పోటెత్తే ఈ రోజుల్లో మూసే ఉంటుంది, నీటిమట్టం తగ్గాకే దాన్ని తెరుస్తారు. సరస్సు దగ్గరి నాచురల్ బ్రిడ్జ్, స్టార్మ్ పాయింట్ వంటి కాలిబాటలను ఎలుగుబంట్ల సంచారం కారణంగా వేసవి మొదట్లో మూసి ఉంచుతారు. పిల్లలకు ఫలానా బాటలో నడుద్దామని ముందే మాటిచ్చి అక్కడ మూసిన బోర్డు చూపించడం కంటే, బయల్దేరే ముందు రోజు పార్కు వారి అధికారిక సమాచారంలో ఏది తెరిచి ఉందో చూసుకుని ఆ తర్వాతే మాటివ్వడం మేలు.

చెయ్యి పట్టుకోవలసిన చోట్లలో మొదటివి వేడినీటి ఊటల ప్రాంతాలు. ఈ పార్కులో భూమి లోపలి వేడి వల్ల ఏర్పడిన ఊటలు, ఆవిరి రంధ్రాల వంటి విశేషాలు 10,000కు పైగా ఉన్నాయి, అందులో 500కు పైగా గీజర్లు, అంటే ఆగి ఆగి వేడినీటిని పైకి చిమ్మే ఊటలు. వాటి చుట్టూ నేల చూడటానికి గట్టిగా కనిపించినా చాలాచోట్ల అది పలుచని పెచ్చు మాత్రమే, కింద సలసల కాగే నీరు ఉంటుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఉన్న ఎత్తులో నీరు సుమారు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. పార్కు చరిత్రలో ఈ ఊటల్లో పడి, కాలిన గాయాలతో 20 మందికి పైగా మరణించారు. సందర్శకుల కోసం వేసిన చెక్క బాటలకు చాలా భాగం చేతిపట్టు కమ్మీలు ఉండవు. ఈ వాస్తవాలు తెలిసి కూడా వెళ్ళమంటున్నానంటే, పిల్లలను సిద్ధం చేయడం మన చేతుల్లో ఉన్న పని కాబట్టి.

మేము చేసిన సన్నాహం ఇది. బయల్దేరడానికి కొన్ని వారాల ముందు నుంచే హాల్లో నేల మీద రంగు టేపుతో రెండు గీతలు వేసి, అది చెక్క బాట అనీ, గీత దాటితే వేడినీళ్ళనీ చెప్పి రోజూ కాసేపు ఆట ఆడించాము. బాటమీద పరుగు లేదు, ముందున్నవాళ్ళను తోసుకుపోవడం లేదు, ఏది కింద పడినా వంగి తీయడం లేదు అన్న మూడు నియమాలను బాబు చెల్లెలికి నేర్పే స్థాయికి వచ్చాడు. పార్కులో అడుగుపెట్టాక ఆ ఆటే నిజమైంది. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, ఆ పెద్దమనిషి చేతిలో ఫోను ఉండకూడదు అన్నది పెద్దల నియమం. మూడేళ్ళ లోపు పిల్లలకు చేతితో నెట్టే బండి కంటే వీపుకు తగిలించుకునే క్యారియర్ నయం, ఎందుకంటే చాలా బాటల్లో మెట్లు వస్తాయి. టోపీలకు గడ్డం కింద కట్టుకునే తాడు తప్పక ఉండాలి. గాలికి ఎగిరి ఊటలో పడ్డ టోపీలు అక్కడ మనకు కనబడుతూనే ఉంటాయి, వాటి కోసం ఎవరూ బాట దిగకూడదు. అన్నిటికంటే ముఖ్యం వేళ. పిల్లలు కడుపునిండా తిని, నిద్ర తీరి ఉన్న ఉదయం పూటే ఈ ప్రాంతాలకు తీసుకెళ్ళాలి. పది దాటితే వాహనాలు నిలిపే చోటు దొరకడం కష్టం, అదీగాక నిద్ర వేళ దగ్గరపడ్డ పిల్లవాడికి ఏ నియమమూ గుర్తుండదు.

ఇన్ని ఊటల ప్రాంతాల్లో పిల్లలకు మొదట ఏది చూపించాలని అడిగితే నేను ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ పేరు చెప్పను, ఫౌంటెన్ పెయింట్ పాట్ పేరు చెబుతాను. అరమైలు చుట్టు బాట, నడక తక్కువ, అయినా ఊట, గీజర్, ఆవిరి రంధ్రం, బురద గుంట అనే నాలుగు రకాలూ అక్కడే కనిపిస్తాయి. క్లెప్సిడ్రా అనే గీజర్ దాదాపు ఎడతెగకుండా చిమ్ముతూనే ఉంటుంది గనుక నిరీక్షణ అన్న మాటే లేదు. అన్నిటికన్నా బురద గుంట పిల్లలను కట్టిపడేస్తుంది. వేసవి మొదట్లో మంచు కరిగిన నీరు కలవడంతో ఆ బురద పలుచగా ఉంటుంది, పొయ్యి మీద రాగిజావ కుతకుతలాడినట్టు బుడగలు లేచి పగులుతుంటాయి. మా బాబు బాట మీద గొంతుక్కూర్చుని, నా చెయ్యి వదలకుండానే, "అమ్మా, దీన్ని ఎవరు వండుతున్నారు?" అని అడిగాడు. కింద చాలా లోతున కరిగిన రాయి ఉందనీ, వాన నీరు, మంచు నీరు లోపలికి ఇంకి ఆ వేడికి కాగి పైకి వస్తాయనీ, ఈ ప్రాంతం చాలా మటుకు ఆరు లక్షల ఏళ్ళకు పైగా క్రితం బద్దలైన ఒక మహా అగ్నిపర్వతపు గుంట అనీ చెప్పాము. ఎంత అర్థమైందో గానీ, ఆ రోజంతా వాడు కనిపించిన ప్రతి ఊటకూ ఒక వంటకం పేరు పెట్టాడు. దీని తర్వాత వరుసలో ఆర్టిస్ట్స్ పెయింట్‌పాట్స్ మంచిది. మైలు దూరం చుట్టు నడక, చివర్లో కొంచెం ఎత్తు ఎక్కాలి, అక్కడా బురద గుంటలే ప్రధానం.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు గంటన్నరకు ఒకసారి చిమ్ముతుంది. తర్వాతి వేళను రేంజర్లు (పార్కు సిబ్బంది) పది నిమిషాలు అటూ ఇటూగా ముందే అంచనా వేసి ప్రకటిస్తారు. అందరూ అరగంట ముందే వచ్చి చుట్టూ బల్లల మీద కూర్చుంటారు, కానీ చిన్నపిల్లలకు ఆ నిరీక్షణ శిక్షే. ప్రకటించిన వేళకు పది పదిహేను నిమిషాల ముందు వరకు పక్కనే ఉన్న సందర్శకుల కేంద్రంలో గడపడం ఉత్తమం. అక్కడ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉంది, గీజర్ ఎలా పనిచేస్తుందో చూపే నమూనా ఉంది. మాకు ఇంకా నచ్చింది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్. 1904లో తెరిచిన ఆ దుంగల కట్టడం లోపలి ఎత్తూ, రాతి పొగగొట్టమూ పిల్లలను నోరు తెరిచి చూసేలా చేస్తాయి, దాని రెండో అంతస్తు వసారా నుంచి గీజర్ కనిపిస్తుంది. వంద అడుగులు దాటి లేచే నీటి స్తంభాన్ని కాస్త దూరం నుంచి చూడటం వల్ల నష్టమేమీ లేదు, పాపకు ఆ చప్పుడు భయం కూడా కలగలేదు. అక్కడి నుంచి మార్నింగ్ గ్లోరీ ఊట దాకా వెళ్ళే దారి చదునుగా ఉంటుంది గనుక నెట్టుడు బండి పనికివచ్చే అరుదైన చోట్లలో అదొకటి.

గ్రాండ్ ప్రిస్మాటిక్ విషయంలో మాత్రం నా సలహా కొంత భిన్నంగా ఉంటుంది. అమెరికాలోకెల్లా పెద్దదైన ఈ వేడినీటి ఊట పక్కనుంచి వెళ్ళే చెక్క బాట మీద జనం ఒత్తిడి ఎక్కువ, కమ్మీలు లేవు, గాలి తిరిగినప్పుడు ఆవిరి ముఖాన్ని కప్పేసి రెండడుగుల దూరంలో ఉన్న పిల్ల కూడా సరిగా కనబడదు. పరుగెత్తే పిల్లలున్నవారు ఆ బాటను వదిలిపెట్టి, ఫెయిరీ ఫాల్స్ దారిలో ఉన్న ఎత్తయిన చూపుస్థలానికి వెళ్ళడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కారు నిలిపే చోటు నుంచి 0.6 మైలు నడక, 105 అడుగుల ఎత్తు మెల్లగా ఎక్కాలి. ఎలుగుబంట్ల రక్షణ కోసం మే చివరి వారాంతం దాకా ఆ బాటను మూసి ఉంచుతారు కాబట్టి జూన్‌లో వెళ్ళేవారికి ఇబ్బంది ఉండదు. నీలం చుట్టూ పసుపు, నారింజ వలయాలు పూర్తిగా కనిపించేది కూడా ఆ పైనుంచే. అన్ని రంగులు ఎలా వచ్చాయని పిల్లలు తప్పక అడుగుతారు. వేడినీటిలో బతికే సూక్ష్మజీవులే ఆ అంచుల రంగులకు కారణం. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఈ పార్కులోని ఊటలోనే కనుగొన్న థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ ఆధారంగానే, డీఎన్ఏకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పీసీఆర్ పద్ధతి స్థిరపడింది. కోవిడ్ రోజుల్లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షకు మూలం ఇక్కడ ఉందని చెబితే పిల్లల కంటే ముందు మా నాన్నగారు ఆశ్చర్యపోయారు.

జంతువుల దగ్గర చెయ్యి పట్టుకోవడం ఒక్కటే చాలదు, దూరం పాటించాలి. ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ కూగర్లకూ (కొండ సింహాలకూ) 100 గజాలు, బైసన్, ఎల్క్ (పెద్ద జింక) సహా మిగతా జంతువులకు 25 గజాలు దూరంగా ఉండాలన్నది పార్కు నిబంధన. ఇక్కడ ఏ ఇతర జంతువు కన్నా బైసనే ఎక్కువ మందిని గాయపరచింది, మనిషి కంటే మూడు రెట్లు వేగంగా పరుగెత్తగలదు, దూడ పక్కన ఉన్న తల్లి ఇంకా చిరాకుగా ఉంటుంది. మే చివర, జూన్ మొదట్లో మామత్ హాట్ స్ప్రింగ్స్ చుట్టుపక్కల ఈనిన ఎల్క్ ఆడవి కూడా అంతే, దూడను ఏ పొద పక్కనో దాచి ఉంచి మనుషుల మీదికి వస్తాయి. గజాల లెక్క పిల్లలకు తెలియదు కాబట్టి బొటనవేలి లెక్క నేర్పాలి: చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తితే ఆ వేలు వెనక జంతువు మొత్తం దాగాలి, దాగకపోతే వెనక్కి నడవాలి. ఇది పిల్లలకు ఎంత నచ్చిందంటే కారులో కూర్చుని కూడా కొలుస్తూనే ఉన్నారు.

జంతువులను చూడటానికి అందరూ తెల్లవారుజామున లేవమంటారు. పసిపిల్లలతో అది సాధ్యమయ్యే పని కాదు, అవసరమూ లేదు. జూన్‌లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదికి దగ్గర్లో అవుతుంది. సాయంత్రం భోజనం పెట్టి, రాత్రి దుస్తులు వేసి, కారులో కూర్చోబెట్టి హేడెన్ లోయకు బయల్దేరితే బైసన్ మందలు, అదృష్టం ఉంటే దూరాన గ్రిజ్లీ ఎలుగుబంటి కనిపిస్తాయి, తిరుగు ప్రయాణంలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నిద్రపోతారు. తోడేళ్ళ కోసమైతే ఈశాన్యాన ఉన్న లమార్ లోయకు వెళ్ళాలి. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ళ సంతతి అక్కడ తిరుగుతుంటుంది. రోడ్డు పక్క దుర్భిణులు నిలబెట్టుకుని గంటల తరబడి వేచి ఉండేవారు పిల్లలను పిలిచి మరీ చూపిస్తారు, మా పాప ఎత్తు అందేలా ఒకాయన తన దుర్భిణి కాళ్ళు కిందికి దించాడు. ఆ దృశ్యంలో తోడేలు ఒక బూడిద రంగు చుక్క మాత్రమే అయినా పాప ఆ రాత్రంతా తోడేలు గురించే మాట్లాడింది.

కాన్యన్ ప్రాంతం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 308 అడుగుల లోయర్ ఫాల్స్ జలపాతం మంచు కరిగే ఈ రోజుల్లో ఉద్ధృతంగా ఉంటుంది. శరత్కాలంలో సెకనుకు 5,000 గ్యాలన్లు దూకే నీరు, పోటు సమయంలో 63,500 గ్యాలన్ల దాకా చేరుతుంది. ఆర్టిస్ట్ పాయింట్ దగ్గర నడక తక్కువ, గోడ ఉంది, చూసి వచ్చేయవచ్చు. జలపాతం అంచు దాకా దిగే నిటారు బాట పిల్లలతో వద్దు.

ఇప్పుడు చెయ్యి వదలగలిగిన చోట్లు. ఇవి లేకపోతే పై కబుర్లన్నీ వృథా, ఎందుకంటే ఉదయమంతా క్రమశిక్షణలో నడిచిన పిల్లలకు మధ్యాహ్నం ఆ బాకీ తీర్చాలి. అందులో మొదటిది ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డు. 7,733 అడుగుల ఎత్తున, 130 చదరపు మైళ్ళకు పైగా పరచుకున్న ఈ సరస్సు మీద మంచుగడ్డ మే చివరికో జూన్ మొదటికో గానీ పూర్తిగా కరగదు. గల్ పాయింట్, శాండ్ పాయింట్ వంటి విహార స్థలాల దగ్గర ఒడ్డు చదునుగా, గులకరాళ్ళతో నిండి ఉంటుంది. ముందుగా ఒక పెద్దమనిషి అటూ ఇటూ నడిచి, చప్పట్లు కొట్టి, జంతువులేవీ లేవని చూసుకోవాలి, ఎలుగుబంటి మీదికి వస్తే చల్లే మిరప ఘాటు స్ప్రే నడుముకు ఉండాలి. ఆ తర్వాత పిల్లలను వదిలేయవచ్చు. ఊటల్లోకి చిన్న రాయి వేసినా నేరమని ఉదయమంతా విన్న పిల్లలకు, సరస్సులోకి ఎన్ని గులకరాళ్ళు విసిరినా ఎవరూ ఏమీ అనరని తెలిసిన క్షణంలో కలిగిన ఆనందం చూడవలసిందే. ఒడ్డున రాళ్ళ సందుల్లో అరచేతి మందం మంచు పలకలు ఇంకా మిగిలి ఉన్నాయి, బాబు ఒకదాన్ని ఎత్తి ఎండకు అడ్డంపెట్టి దానిగుండా చెల్లెలిని చూశాడు. నీరు మాత్రం ప్రమాదకరమైనంత చల్లన, పాదాలు తడిపి బయటికి రావలసిందే తప్ప లోపలికి దిగనివ్వకూడదు. సరస్సుకు కాస్త ఉత్తరాన లీహార్డీ రాపిడ్స్ దగ్గర జూన్, జూలై నెలల్లో గుడ్లు పెట్టడానికి ఎదురు ప్రవాహంలో గెంతే కట్‌త్రోట్ చేపలు కూడా పిల్లలకు బాగా నచ్చుతాయి, అయితే అక్కడ మళ్ళీ చెయ్యి పట్టుకోవాలి.

జూనియర్ రేంజర్ కార్యక్రమాన్ని ఎవరూ వదులుకోవద్దు. నాలుగేళ్ళు నిండిన పిల్లలకు వయసును బట్టి పుస్తకం ఇస్తారు, అందులోని పనులు పూర్తిచేసి, ఒక రేంజర్ కార్యక్రమానికి హాజరై, ఒక బాట నడిచి వస్తే రేంజర్ ఎదుట ప్రమాణం చేయించి బొమ్మ ఉన్న గుడ్డ బిళ్ళ బహూకరిస్తారు. మా బాబు ప్రమాణం చేసిన తర్వాత నియమాలు అమ్మానాన్నలవి కాకుండా తన సొంతవి అయ్యాయి. బాట అంచున నిలబడి ఫొటో తీసుకుంటున్న నన్ను లోపలికి జరగమన్నది వాడే. ఆ పుస్తకాన్ని మొదటి రోజే తీసుకోవడం అందుకే ముఖ్యం.

బసకు రెండు దారులున్నాయి. పార్కు లోపలి లాడ్జీలలో గదులు ఏడాదికి పైగా ముందే అమ్మకానికి పెడతారు, వేసవి గదులు త్వరగా అయిపోతాయి, అయితే రద్దయినవి మళ్ళీ మళ్ళీ జాబితాలోకి వస్తుంటాయి కాబట్టి ఓపికగా చూస్తూ ఉంటే దొరుకుతాయి. ఆ గదుల్లో టీవీ ఉండదు, చాలావాటిలో ఏసీ ఉండదు, ఇంటర్నెట్ అంతంతమాత్రం, వంటగది అసలే లేదు. బయట వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో వంటగది ఉన్న ఇళ్ళు అద్దెకు దొరుకుతాయి, కానీ ప్రతి ఉదయం ద్వారం దగ్గర వరుసలో నిలబడాలి. మా మట్టుకు మేము మొదటి రాత్రులు పశ్చిమాన బయట, తర్వాతి రాత్రులు కాన్యన్ వైపు లోపల ఉండటం వల్ల దూరాలు సగానికి సగం తగ్గాయి, పిల్లలున్న ఎవరికైనా ఇదే చెబుతాను. అద్దె ఇంటి విషయంలో ఒక హెచ్చరిక: మాకు దొరికిన ఒక ఇంటి ప్రకటనలో పూర్తి వంటగది అని రాసి ఉంది, వెళ్ళి చూస్తే ఒక మైక్రోవేవ్, ఒక చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉన్నాయి. పొయ్యి ఉందా, గిన్నెలున్నాయా అని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

తిండి విషయంలో మనవాళ్ళకు ఉన్న అలవాటే ఇక్కడ పెద్ద వరం. పార్కులో భోజనశాలలు ఉన్నా శాకాహారం పరిమితం, పిల్లల ఆకలి వేళకు అవి దగ్గర్లో ఉండవు. పొద్దున్నే కలిపి పెట్టుకున్న పులిహోర, చపాతీ చుట్టలు, పెరుగన్నం మధ్యాహ్నానికి ఏ విహార స్థలంలోనైనా సరిపోతాయి. బియ్యం, పోపు సామాను ఇంటినుంచే తెచ్చుకుని, పాలూ పెరుగూ కూరగాయలూ మొంటానాలోని బోజ్‌మన్ వంటి పెద్ద ఊళ్ళోనే కొనుక్కోవాలి. అయితే బల్ల మీద డబ్బా వదిలి పిల్ల వెంట పరుగెత్తకూడదు. ఆహారం, ఐసు పెట్టె, ఖాళీ గిన్నెలు అన్నీ తిన్న వెంటనే కారులో పెట్టి తాళం వేయాలన్నది ఎలుగుబంట్ల దృష్ట్యా పెట్టిన కచ్చితమైన నియమం. ఎలుగుబంటి కంటే ముందు వచ్చేవి మాలకాకులు, సంచుల జిప్పులు కూడా తెరవగలవు. ఎలుగుబంటి స్ప్రే విమానంలో ఏ సామానులోనూ అనుమతించరు, అక్కడికి వెళ్ళాకే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. ఇక చాలాచోట్ల ఉన్న మరుగుదొడ్లలో నీరు ఉండదు. తడి రుమాళ్ళు, చేతులు శుభ్రపరిచే ద్రావణం, ఒక పెద్ద నీళ్ళ సీసా కారులో ఎప్పుడూ ఉండాలి.

అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వచ్చి ఉండేది కూడా ఈ నెలల్లోనే. వారుంటే ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి అన్న నియమం సులువవుతుంది, కానీ ఎత్తు వల్ల ఆయాసం, తలనొప్పి రావచ్చు గనుక మొదటి రోజు ఎక్కువ నడిపించకుండా నీళ్ళు బాగా తాగించాలి. మామత్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, లేక్ ప్రాంతాల్లో వైద్యశాలలు ఉన్నాయి. ప్రవేశ రుసుము కారుకు ఏడు రోజులకు 35 డాలర్లు, 15 ఏళ్ళ వరకు పిల్లలకు రుసుము లేదు. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని పెద్దలకు ఈ పార్కుతో సహా రద్దీ ఎక్కువగా ఉండే 11 జాతీయ పార్కుల్లో రుసుము విడిగా పెంచారు కాబట్టి, వారిని తీసుకెళ్ళేవారు ఏ పాసు తీసుకోవాలో బయల్దేరే ముందే తేల్చుకోవడం అవసరం. ఫోను సంకేతాలు చాలాచోట్ల అందవు, నేషనల్ పార్క్ సర్వీస్ వారి యాప్‌లో ఎల్లోస్టోన్ సమాచారాన్ని ముందుగానే దించుకుని పెట్టుకోవాలి.

వాన పడే రోజు ఒకటి వస్తుందని ముందే అనుకోవాలి. ఆ రోజుకు వెస్ట్ ఎల్లోస్టోన్‌లోని గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్ సరిగ్గా సరిపోతుంది. అడవిలో బతకలేని స్థితిలో రక్షించిన ఎలుగుబంట్లను అక్కడ ఉంచుతారు, ఎలుగుబంట్లను లోపల ఉంచి పిల్లల చేత ఆవరణలో ఆహారం దాయించి, తర్వాత వాటిని వదిలి అవి ఎలా వెతుక్కుంటాయో చూపించే కార్యక్రమం ఉంది. అయిదేళ్ళు నిండినవారికే అందులో చోటు, చిన్నవాళ్ళు అద్దం వెనక నుంచి చూడాలి, మా పాప అందుకు కొంత అలిగింది.

వ్యవధి ఉన్నవారు తిరుగు ప్రయాణాన్ని దక్షిణ ద్వారం గుండా గ్రాండ్ టీటన్ పార్కు మీదుగా పెట్టుకోవడం బాగుంటుంది. దానికి రుసుము వేరు, కానీ పర్వతాల కింద లోతు తక్కువగా ఉండే స్ట్రింగ్ లేక్ ఒడ్డున పిల్లలు మధ్యాహ్నమంతా ఆడుకోవచ్చు. వాహనాలు నిలిపే చోటు చిన్నది, పది లోపే చేరుకోవాలి, మార్చుకోవడానికి రెండు జతల బట్టలు పై సంచిలో పెట్టుకోండి.